రోమ్‌లో మొదటి రోజు: కొలోసియంతో మొదలుపెట్టవచ్చునా?

ప్రశ్న:

అక్టోబరులో నేనూ మా శ్రీమతీ హైదరాబాదు నుంచి రోమ్ వెళ్తున్నాము. ఐరోపాకు మాకిదే తొలి ప్రయాణం. రాత్రంతా విమానంలో గడిపి ఉదయం ఫియుమిచినో విమానాశ్రయంలో దిగుతాము. బస టెర్మినీ రైల్వే స్టేషను దగ్గర తీసుకున్నాము. మా శ్రీమతి చరిత్ర అధ్యాపకురాలు కావడంతో ఆ మధ్యాహ్నమే ప్రాచీన రోమనుల ప్రదర్శనశాల అయిన కొలోసియం చూడాలని ఎంతో ఆశపడుతున్నారు. అయితే ఆమెకు మోకాళ్ల నొప్పులున్నాయి, నిద్రలేని ఒంటితో అంత తిరగగలమా అని నా సందేహం. పైగా మేము గుడ్డు కూడా ముట్టని శాకాహారులము. మొదటి రోజును ఎలా గడపాలో అనుభవజ్ఞులు చెప్పగలరు.

మొదటి జవాబు:

కొలోసియం టికెట్టును మొదటి రోజుకు కొనకండి. ఆ టికెట్టు మీ పేరు మీద, నిర్ణీత సమయానికి ఇస్తారు. విమానం ఆలస్యమైతే అది చేజారిపోతుంది. విమానాశ్రయం నుంచి లియోనార్డో ఎక్స్‌ప్రెస్ ఎక్కితే మధ్యలో ఎక్కడా ఆగకుండా సుమారు అరగంటలో టెర్మినీ చేరుస్తుంది. సామాను బసలో పెట్టి, స్నానం చేసి, కాసేపు నడుం వాల్చి, మూడింటి ప్రాంతంలో బస్సులో లార్గో అర్జెంటీనా అనే కూడలికి వెళ్లండి. రోడ్డు మట్టానికి దిగువన నాలుగు పురాతన ఆలయాల శిథిలాలు కనిపిస్తాయి. క్రీ.పూ. 44లో జూలియస్ సీజర్ హత్య జరిగిన సేనాని పాంపీ కట్టించిన సభామందిరం ఆనవాళ్లు ఆ ఆలయాల వెనుకనే ఉన్నాయి. ఆ హత్య పాత రోమ్ నడిబొడ్డున ఉన్న ప్రజాకూడలి ఫోరంలో జరిగిందని చాలామంది అనుకుంటారు కాబట్టి, మీ శ్రీమతి గారు ఈ చోటును తప్పక చూడాలి.

అక్కడి నుంచి పాంథియన్ అనే గుమ్మటమున్న ప్రాచీన ఆలయం కొద్ది నిమిషాల నడక. హేడ్రియన్ చక్రవర్తి కాలంలో, రెండవ శతాబ్దంలో పూర్తయిన ఆ గుమ్మటం వ్యాసం సుమారు 43 మీటర్లు. నేల నుంచి పైకొసకు ఎత్తూ అంతే. లోపల ఇనుప చువ్వ ఒక్కటీ లేదు. పైకి పోయేకొద్దీ కాంక్రీటులో తేలికైన రాయిని కలుపుతూ పోయారు కాబట్టే అది పందొమ్మిది వందల ఏళ్లుగా నిలిచి ఉంది. నడినెత్తిన ఉన్న గుండ్రటి రంధ్రం నుంచి వాన లోపలికే పడుతుంది. ఆ నీరు పోవడానికి నేలలో చిన్న చిన్న కన్నాలున్నాయి. 2023 నుంచి ప్రవేశానికి రుసుము తీసుకుంటున్నారు.

ఆ తరువాత పియాజ్జా నవోనా అనే కూడలి. అక్కడ 1651లో శిల్పి బెర్నీనీ పూర్తిచేసిన నాలుగు నదుల ఫౌంటెన్‌లో నైలు, డాన్యూబు, రియో దె లా ప్లాతాలతో పాటు మన గంగానది కూడా ఉంది. పొడవైన తెడ్డు పట్టుకుని కూర్చున్న పురుషుడే గంగ. గంగను తల్లిగా కొలిచే మనకు ఆ రూపం కొత్తగా తోస్తుంది, అయినా అంత దూరాన మన నదిని చూసినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

రెండవ జవాబు:

పై సలహా మంచిదే కానీ, కొలోసియం కోసమే ఎదురుచూస్తున్న మనిషిని మొదటి రోజంతా దానికి దూరంగా ఉంచడం నాకు న్యాయంగా అనిపించడం లేదు. టెర్మినీ నుంచి మెట్రో బి లైనులో అది రెండో స్టేషనే. నడక ఎక్కువ కాకుండా నవోనాను మరునాటికి వదిలి, సాయంత్రం దీపాలు వెలిగే వేళకు కొలోసియం దగ్గరకు వెళ్లి బయటి నుంచి చూడండి. దానికి టికెట్టు అక్కరలేదు. లోపలికి మరునాడు ఉదయం వెళ్లవచ్చు. ఆ టికెట్టుతోనే రోమన్ ఫోరం కూడా చూడవచ్చు కనుక, అక్కడ మాక్సెంటియస్ బసిలికా అనే పాత సభాభవనం దగ్గర ఆగండి. దాని కింద డొమీషియన్ చక్రవర్తి కాలపు మిరియాల గిడ్డంగుల అవశేషాలున్నాయి. మన దేశం నుంచి ఓడల్లో వెళ్లిన మిరియాలకు రోమనులు బంగారం చెల్లించేవారు. ఆంధ్రదేశంలో దొరికిన రోమన్ నాణేలు ఆ కాలపు వర్తకానికి సాక్ష్యాలే. చరిత్ర బోధించేవారికి ఇంతకు మించిన పాఠం ఏముంటుంది!

మూడవ జవాబు:

భోజనం సంగతి చెబుతాను. ఎండు స్పగెట్టీలో సాధారణంగా గుడ్డు ఉండదు, అప్పటికప్పుడు చేసే తాజా పాస్తాలో తరచూ ఉంటుంది, అడిగి తెలుసుకోండి. కార్బొనారా అనే పాస్తా వంటకంలో గుడ్డూ పందిమాంసమూ రెండూ ఉంటాయి. సుప్లీ అనే అన్నపు ఉండలు చూడటానికి శాకాహారంలా ఉన్నా, చాలా చోట్ల లోపల మాంసపు గుజ్జు ఉంటుంది. పిజ్జా మరినారాలో టమాటా, వెల్లుల్లి, నూనె తప్ప జున్ను కూడా ఉండదు కాబట్టి మొదటి రాత్రికి అదే నిశ్చింత. పెకొరీనో అనే గొర్రెపాల జున్నును దూడ కడుపు నుంచి గానీ గొర్రెపిల్ల కడుపు నుంచి గానీ తీసిన పదార్థంతో తోడుపెడతారు, అది మీకు సమ్మతమో కాదో ముందే ఆలోచించుకోండి. నీళ్ల సీసాలు కొననక్కరలేదు. వీధుల్లో నిరంతరం పారే నాసోనీ కుళాయిల నీరు తాగవచ్చు. చర్చీల్లోకి వెళ్లేటప్పుడు భుజాలూ మోకాళ్లూ కప్పుకోవాలి. అన్నిటికంటే ముఖ్యంగా, ఆ రాళ్ల వీధుల్లో మోకాళ్ల నొప్పి ఉన్నవారికి మెత్తని అడుగున్న బూట్లు తప్పనిసరి.

ప్రశ్న అడిగినవారు:

అందరికీ కృతజ్ఞతలు. మా శ్రీమతికి చదివి వినిపించాను. సీజర్ చోటూ, పాంథియనూ, సాయంత్రం కొలోసియం బయటి నుంచి అని నిర్ణయించుకున్నాము. గంగను మరునాడు ఫోరం చూశాక తీరిగ్గా చూస్తాము. టికెట్టును మరునాడు ఉదయానికే తీసుకుంటున్నాను.