చెరువు తూము మూసి నీళ్లు ఇంకిస్తే ఫ్లోరైడ్ తగ్గుతుందా?

నార్పల చీనీ (బత్తాయి) రైతు:
మా ఊరి తాగునీటి బోరులో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాముల హద్దు దాటింది. హంద్రీనీవా కాలువ నీళ్లతో చెరువు నిండింది కాబట్టి, తూము మూసేసి నీళ్లన్నీ ఇంకనిద్దామని సగం ఊరు అంటోంది. ఆయకట్టు రైతులు ససేమిరా అంటున్నారు. మీరేమంటారు?

ఆయకట్టు రైతు:
తూము మూస్తే బాగుపడేది బోర్లున్నోళ్లే అన్నా. ఇంకిన నీళ్లను నీ తోటలో మోటరే లాగేస్తుంది, కరెంటు ఎట్లాగూ ఉచితం. నాకు చెరువు కింద అరెకరం వరిమడి తప్ప ఇంకేమీ లేదు. తాగడానికి ఆర్వో ప్లాంటు పెట్టుకోండి.

కదిరి టీచర్:
అన్నా, మీ నష్టం నిజమే. అయినా తూము మూయాలనే నేనంటాను. ఆర్వో క్యాను తాగడానికి సరిపోతుంది. పప్పు ఉడికేది, పశువులు తాగేది బోరు నీళ్లే కదా! మన కింద ఉన్నది గ్రానైటు. లోతుకు పోయేకొద్దీ నీళ్లు ఏళ్ల తరబడి రాతి సందుల్లో నిలిచి ఫ్లోరైడ్‌ను కరిగించుకుంటాయి. పైనుంచి కొత్త నీళ్లు దిగితేనే అది పలచబడుతుంది. అనంతపురంలో ఏడాది సగటు వాన దాదాపు 550 మిల్లీమీటర్లు. అదీ ఇప్పుడు వారాల తరబడి ముఖం చాటేసి ఒక్క రాత్రిలో కుమ్మేస్తోంది. ఆ నీళ్లు చేలల్లో ఇంకవు, మట్టిని కోసుకుపోతాయి. వాటిని పట్టి నిలిపేది చెరువే.

అయితే చెరువు పక్కన కొత్త బోరు పడకూడదు. బోరు వేయాలంటే అనుమతి ఉండాలని 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టమే చెబుతోంది, ఊరు పట్టుబట్టి దాన్ని అమలు చేయించాలి. బోరు లేని ఆయకట్టు రైతులకు ఉన్న బోర్ల నుంచి నీటి వాటా ఇచ్చాకే తూము మూయాలి.

ధర్మవరం వాసి:
మరి యూరియా సంగతి? చీనీ పాదుల్లో వేసిన మర్నాడే పెద్ద వాన కొడితే అదంతా చెరువులోకే, అక్కణ్ణించి బోరులోకే. యూరియా మట్టిలో నైట్రేట్‌గా మారుతుంది. నైట్రేట్ లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటిన నీళ్లు పసిపిల్లలకు ప్రమాదం. కాచినా పోదు, ఇంకా చిక్కబడుతుంది.

కదిరి టీచర్:
అవును, దాన్ని వదిలేస్తే ఒక రోగం పోయి ఇంకొకటి వస్తుంది. చెరువు ఎగువ తోటల్లో యూరియాను డ్రిప్పుతో కొద్దికొద్దిగా ఇవ్వాలి, వాన సూచన ఉంటే ఆపాలి. బోరు నీళ్లను ఎండాకాలం చివర ఒకసారి, చెరువు నిండాక ఒకసారి పరీక్ష చేయించి, అంకెలు పంచాయతీ గోడ మీద రాయించాలి. కొన్నేళ్లయినా ఫ్లోరైడ్ దిగకపోతే తూము మళ్లీ తెరవాలి.

ఆయకట్టు రైతు:
నీటి వాటా గ్రామసభ తీర్మానంలో పేరుపేరునా రాస్తే కూర్చుని మాట్లాడదాం సార్. అంతవరకు తూము మీద చెయ్యి వేయనివ్వం.