కర్నూలు దగ్గరి క్లోరిన్ ప్లాంటా, విశాఖ రిఫైనరీనా? తమ్ముడిని ఎటు పంపాలి?

కోడుమూరు అన్న:
మా తమ్ముడు కెమికల్ డిప్లొమా పూర్తి చేశాడు. వయసు 22. రెండు ఉద్యోగాలు చేతిలో ఉన్నాయి. ఒకటి మా జిల్లాలోనే, ఉప్పునీళ్ల నుంచి కాస్టిక్ సోడా, క్లోరిన్ తీసే ప్లాంట్. నెలకు 19,500, పర్మనెంట్, ఇంటి నుంచే పోయి రావచ్చు. రెండోది విశాఖలో రిఫైనరీ పని, 27,000. రిఫైనరీ అంటే గవర్నమెంట్ ఉద్యోగమే, అక్కడికే పంపమని మా నాయన పట్టు. అమ్మకేమో విశాఖ పేరెత్తితేనే టెన్షన్. 2020 మేలో అక్కడ స్టైరిన్ అనే విషవాయువు లీకై 12 మంది చనిపోయారు కదా, రోడ్ల మీద పడిపోయిన మనుషులను టీవీలో చూసింది, మర్చిపోలేదు. ఇంట్లో బోర్ల అప్పు ఉంది కాబట్టి ఆ 7,500 తేడా చిన్నది కాదు. సోమవారంలోపు చెప్పాలి. ఇలాంటి చోట్ల పనిచేసినవాళ్లు చెప్పండి.

ఆదోని నుంచి విశాఖకు:
మాది ఆదోని అన్నా. ఆరేళ్లుగా రిఫైనరీ ఆపరేషన్స్‌లో ఉన్నాను. అమ్మకు ముందు ఒక మాట చెప్పు. ఆ స్టైరిన్ లీకైంది రిఫైనరీలో కాదు, కెమికల్ ప్లాంట్‌లో. రిఫైనరీకి చెడ్డ చరిత్ర లేదని నేననను. 1997 సెప్టెంబర్ 14న ఇక్కడే ఎల్పీజీ మంటల్లో యాభై మందికి పైగా చనిపోయారు. అయినా తమ్ముడిని రిఫైనరీకే పంపమంటాను. ఇక్కడ పర్మిట్ లేకుండా వెల్డింగ్ రాడ్ అంటించనివ్వరు. గ్యాస్ టెస్ట్ చేసి, ఆ రీడింగ్ పర్మిట్ మీద రాసి, సంతకం పడ్డాకే పని మొదలవుతుంది. ఆయిల్ కంపెనీలకు ఓఐఎస్‌డీ అని ప్రత్యేకంగా భద్రతా సంస్థ ఉంది, దాని వాళ్లు వచ్చి ఆడిట్ చేస్తారు. లోపలే ఫైర్ స్టేషన్ ఉంటుంది. చాలా కెమికల్ ప్లాంట్లలో ఇందులో సగం కూడా కనపడదు. 2020 జూన్‌లో మన నంద్యాల దగ్గరే అమ్మోనియా లీకై ఒకరు చనిపోయారు. ఇంటికి దగ్గర అని చూసుకుంటే ప్రమాదం దూరమవుతుందా?

పాత ఆపరేటర్:
క్లోరిన్‌తో 21 ఏళ్లు పనిచేశాను. కర్నూలులో కాదు, వేరే రాష్ట్రంలో. ఇప్పుడు రిటైరై నంద్యాలలో ఉంటున్నాను.

క్లోరిన్ మంచిదని చెప్పడానికి రాలేదు. కానీ అది దొంగచాటుగా రాదు. కొంచెం లీకైనా ముక్కు, కళ్లు మండుతాయి, మనిషి పరుగెత్తుతాడు. రిఫైనరీలో హైడ్రోజన్ సల్ఫైడ్ అలా కాదు. తక్కువ ఉన్నప్పుడు కుళ్లిన కోడిగుడ్డు వాసన వస్తుంది. సుమారు 100 పీపీఎం (గాలిలో పది లక్షల పాళ్లకు 100 పాళ్లు) దగ్గరికి చేరేసరికి వాసన పట్టే శక్తినే చంపేస్తుంది. వాసన పోయింది, గ్యాస్ కూడా పోయినట్టే అనుకుని కొత్తవాడు అక్కడే నిలబడతాడు. దీనికితోడు రిఫైనరీలో బెంజీన్ ఉంటుంది. ఏళ్ల తరబడి పీలిస్తే రక్త క్యాన్సర్ తెచ్చే పదార్థం అది. మంటలు కనపడతాయి కాబట్టి అందరూ వాటి గురించే మాట్లాడతారు.

నా అనుభవం ఒకటి చెబుతాను. ఒక రాత్రి షిఫ్ట్‌లో 900 కిలోల క్లోరిన్ పట్టే టన్నర్ సిలిండర్ నింపుతుంటే వాల్వ్ గ్లాండ్ దగ్గర లీకైంది. కొత్తగా చేరిన పిల్లవాడు భయపడి పల్లం వైపు, గాలి పోయే దిక్కుకే పరుగెత్తాడు. క్లోరిన్ గాలికంటే సుమారు రెండున్నర రెట్లు బరువు, పల్లంలోకే దిగుతుంది. మాస్క్ పెట్టుకుని వెనకాలే పోయి, వాణ్ణి గాలికి అడ్డంగా లాక్కొచ్చి కంట్రోల్ రూమ్ మెట్లు ఎక్కించాను. బతికాడు. కానీ మూడు నెలలు పది మెట్లు ఎక్కితే ఆయాసపడేవాడు. వాడి తప్పేమీ లేదు. గాలి దిక్కు చూపే విండ్‌సాక్ చిరిగి అప్పటికి రెండు నెలలైంది. కొత్తది కట్టమని రిజిస్టర్‌లో రెండుసార్లు రాసింది నేనే.

అందుకే చేరేముందు ప్లాంట్ చూపించమని అడగమనండి. విండ్‌సాక్ ఉందా? సేఫ్టీ షవర్ తిప్పితే నీళ్లు వస్తున్నాయా? కాస్టిక్ కంట్లో పడితే కనీసం 15 నిమిషాలు ఆగకుండా కడగాలి, ఆ నిమిషంలో పైపు ఎండిపోయి ఉంటే కన్ను పోతుంది. కరెంటు పోతే, లీకైన క్లోరిన్‌ను పీల్చుకునే స్క్రబ్బర్ జనరేటర్ మీద నడుస్తుందా? వీటికి జవాబు చెప్పడానికి ఇబ్బంది పడే చోట చేరొద్దు, అది ఏ ప్లాంటైనా సరే.

అనంతపురం కెమికల్:
జేఎన్టీయూ అనంతపురంలో కెమికల్ ఇంజనీరింగ్ చదివి ఫార్మాలో తొమ్మిదేళ్లు చేశాను. మీరిద్దరూ ఏ గ్యాస్ ఎక్కువ ప్రమాదమని వాదిస్తున్నారు. నేను అడిగేది వేరు. తమ్ముడి లెటర్ ఎవరి పేరు మీద ఉంది? 2013 ఆగస్టు 23న విశాఖ రిఫైనరీలో కూలింగ్ టవర్ దగ్గర మంటలొచ్చి ఇరవై మందికి పైగా చనిపోయారు. వాళ్లలో చాలామంది కాంట్రాక్ట్ కార్మికులు. పర్మిట్లు, ఆడిట్లు ఉన్న చోటే అది జరిగింది. పని ఆపమని చెప్పే ధైర్యం పర్మనెంట్ మనిషికి ఉంటుంది. నెలకోసారి గేట్‌పాస్ రెన్యువల్ కావాల్సినవాడు ఏం మాట్లాడతాడు?

ఆదోని నుంచి విశాఖకు:
కాంట్రాక్ట్ వాళ్లకూ అదే పర్మిట్, అదే గేట్ ట్రైనింగ్. గ్యాస్ టెస్ట్ బాగా రాకపోతే ఎవరి మనిషైనా లోపలికి పంపం, నేనే పంపలేదు. ఆ మాట మీద నిలబడతాను. కానీ షట్‌డౌన్ రోజుల్లో, అంటే రిపేర్లకు ప్లాంట్ ఆపినప్పుడు, వందల మంది ఒకేసారి వస్తారు, ఎవరు ఏ వెసెల్‌లో ఉన్నారో లెక్కపెట్టుకోవడమే పెద్ద పని. అక్కడ మీరు చెప్పింది కొంత నిజమే. ఇంకొకటి కూడా చెప్పాలి. కాంట్రాక్ట్‌లో చేరితే నిదానంగా పర్మనెంట్ చేస్తారని ఎవరైనా అంటే నమ్మొద్దు అన్నా. పర్మనెంట్ కావాలంటే నోటిఫికేషన్ పడాలి, పరీక్ష రాయాలి. అది కోడుమూరులో కూర్చున్నా రాయొచ్చు.

కడప అక్క:
జీతం తేడా చూస్తున్నారు, ఈఎస్‌ఐ చూశారా తమ్ముడూ? జబ్బుకూ, పనిలో గాయానికీ ఆదుకునే ఉద్యోగుల బీమా అది. 21,000 లోపు జీతానికే ఈఎస్‌ఐ. 19,500లో అయితే మీ తమ్ముడి వాటా 0.75 శాతం, నెలకు 150 రూపాయలు కూడా కాదు. కంపెనీ 3.25 శాతం కడుతుంది. 27,000 అయితే ఈఎస్‌ఐ వర్తించదు. దాని బదులు ఏ ఇన్సూరెన్స్, ఎంతకు, ఎవరు కడుతున్నారు? కాగితం మీద చూడాలి.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, మా ఆయనకు మూడేళ్ల క్రితం పైపుల జాయింట్ (ఫ్లాంజ్) దగ్గర కాస్టిక్ చిమ్మి రెండు చేతులూ కాలాయి. 74 రోజులు ఇంట్లోనే. కంపెనీ నుంచి ఒక్కరు కూడా చూడటానికి రాలేదు. పనిలో గాయమైతే ఈఎస్‌ఐ వేతనంలో 90 శాతం ఇస్తుంది, ఆ డబ్బుతోనే పిల్లల ఫీజు కట్టాను. మామూలు జబ్బుకైతే 70 శాతమే. మనిషి పోతే అర్హులైన కుటుంబసభ్యులకు నెలనెలా వస్తుంది. ఆ ఏడాది ఈఎస్‌ఐ లేకుంటే మేము పొలం అమ్మేవాళ్లం.

ఇక విశాఖలో గది అద్దె, తిండి, కర్నూలుకు రానుపోను ఖర్చు తీసేస్తే ఆ 7,500లో మీ అప్పుకు ఎంత మిగులుతుందో నాయనతో కూర్చుని లెక్క వేయండి.

పాత ఆపరేటర్:
అక్క చెప్పినదానికి ఒకటి కలుపుతాను. చేరిన మొదటి వారంలోనే ఛాతీ ఎక్స్‌రే, ఊపిరితిత్తుల పరీక్ష రిపోర్టుల కాపీలు అడిగి ఇంట్లో పెట్టుకోవాలి. పదేళ్ల తర్వాత ఆయాసం వస్తే, చేరినప్పుడు బాగున్నాడని చూపించేది ఆ కాగితమే.

కోడుమూరు అన్న:
అందరికీ దండాలు. అనంతపురం అన్న అడిగాడని విశాఖ లెటర్ మళ్లీ తీసి చదివాం. ఇన్ని రోజులు జీతం అంకె ఒక్కటే చూశామని ఇప్పుడు తెలిసింది. యజమాని అన్నచోట రిఫైనరీ పేరు లేదు, మ్యాన్‌పవర్ ఏజెన్సీ పేరు ఉంది. గడువు 11 నెలలు. ఇన్సూరెన్స్ గురించి ఒక్క లైను కూడా లేదు. నాయనకు చదివి వినిపించాను. లెటర్ చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు, ఏమీ అనలేదు. ఇన్సూరెన్స్ ఎంతకు కడతారో రాతపూర్వకంగా పంపమని తమ్ముడు ఏజెన్సీకి మెయిల్ పెట్టాడు. రేపు పొద్దున ఎనిమిదికి ఇక్కడి ప్లాంట్‌కు పోతున్నాం. సేఫ్టీ షవర్ తిప్పి చూపించమని వాడే అడుగుతానన్నాడు.