స్వాన్స్ చిత్తుగా ఓడిన రాత్రి మా వాడిని ఎలా ఊరుకోబెట్టాలి?

మేం సిడ్నీలో ఉంటాం. మా అబ్బాయికి 11 ఏళ్లు, ఇక్కడి ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ జట్టు స్వాన్స్ అంటే ప్రాణం. 2022 గ్రాండ్ ఫైనల్లో జీలాంగ్ చేతిలో 81 పాయింట్ల తేడాతో, 2024లో బ్రిస్బేన్ చేతిలో 60 తేడాతో ఓడాక వాడికి ప్రతి మ్యాచ్ టెన్షనే. మూడో క్వార్టర్లో బాగా వెనకబడితే చాలు, ఏడుపు మొదలు. అన్నం ముట్టడు, అర్ధరాత్రి దాకా నిద్రపోడు.

టీవీ కట్టేస్తే స్కోరు తెలియక ఇంకా రగిలిపోయాడు. హాథార్న్ మీద 10 పాయింట్లతో గెలిచిన 2012 ఫైనల్ పెట్టాం. "అప్పటికి నేను పుట్టనే లేదు" అన్నాడు. "ఆటే కదా" అంటే మరీ కోపం. ఆ కోపం న్యాయమే అనిపిస్తుంది నాకు. పార్కులో బంతి తన్నిస్తే కాస్త తేలికపడతాడు, కానీ రాత్రి మ్యాచ్‌లకు అది కుదరదు.

ఇలాంటి ఓటమి తర్వాత, పడుకునేలోపు ఆ గంటలో మీ పిల్లలకు ఏది పనిచేసింది?