స్కెచ్ వేయడంలో ఆ ‘వేయు’ ఎక్కడిది? (విశాఖలో వేర్వేరు పేటలవాళ్ల మాటామంతీ, ఎవరి పేట పేరే వాళ్ల పేరు)

సీతమ్మధార: బాపు మీద ఆరుద్ర కూనలమ్మ పదం, ‘కొంటె బొమ్మల బాపు, కొన్ని తరముల సేపు’... మూడో పాదం పొద్దున్నుంచి నోట్లో ఆడుతోంది, బయటికి రావట్లేదు. దాంతోపాటే ఇంకో సందేహం. బొమ్మ గీస్తాం, వేస్తాం కూడా. ‘వాడు పెద్ద స్కెచ్చే వేశాడు’ అన్నప్పుడు మాత్రం గీశాడు అనం. పైగా అక్కడ కాగితం, పెన్సిలు ఏమీ ఉండవు, ఎవరికో మూడిందని అర్థం. బొమ్మ కాస్తా కుట్ర ఎలా అయింది?

గాజువాక: అది బొమ్మ వేయడంలోని వేయు కాదండి. ఎత్తు వేయడం, పాచిక వేయడం, వల వేయడం, ఆ వరసలోది. పథకం పోయి స్కెచ్ వచ్చింది, క్రియ అలాగే ఉండిపోయింది.

ఎంవీపీ కాలనీ: నేనొప్పుకోను. ఫ్యాబ్రికేషన్ షాపులో ఫిట్టరుకి బ్రాకెట్ కావాలంటే సుద్దముక్కతో ప్లేటు మీదే స్కెచ్ వేసి, పక్కన కొలతలు రాసి చూపిస్తాం. ముందు స్కెచ్, తర్వాత కటింగ్. ఆ ‘ముందు’ అన్నదే దొంగపనికీ పాకింది. పాచికల దాకా వెళ్లక్కర్లేదు.

మధురవాడ: పుట్టుక చూస్తే ఇద్దరి వాదనకీ అడ్డమే. ఇంగ్లీషులోకి 17వ శతాబ్దంలో డచ్చి నుంచి వచ్చింది, డచ్చికి ఇటాలియన్ ‘స్కిట్సో’ నుంచి. ఇంకా వెనక్కి వెళితే గ్రీకు ‘స్ఖేదియోస్’, అప్పటికప్పుడు చేసేసినది అని. లాటిన్‌లో ఆ మూలం నుంచి వచ్చిన మాటకి ఆశువుగా చెప్పిన పద్యం అని అర్థం! ముందు ఆలోచన లేకుండా పుట్టిన మాట మన దగ్గర నెలల తరబడి పన్నే పన్నాగం అయి కూర్చుంది. నాకు ఇదే అద్భుతంగా ఉంది.

గాజువాక: బాగుంది మాస్టారూ, కానీ గీయు ఎందుకు అతకలేదో అది చెప్పదు. గీయడంలో గీరడం, కోయడం ఉన్నాయి. కల్లు గీస్తారు, గడ్డం గీస్తారు. ఇంగ్లీషు ‘రైట్’ కూడా మొదట్లో గీరడమే. ‘డ్రా’ అయితే లాగడం, బల్లకి ఉండే డ్రాయరు అందుకే డ్రాయరు. స్కెచ్‌లో ఆ గీరుడు లేదు.

పెదవాల్తేరు: గీయడమూ వేయడమూ సరే, రాయడం సంగతేంటి? పాతకాలంలో చిత్తరువు వ్రాసేవారు, బ్రౌణ్యంలో, అంటే బ్రౌన్ నిఘంటువులో కూడా వ్రాయుకి ఆ అర్థం ఉంది. భాగవతంలో ఉష చెలికత్తె చిత్రరేఖ, ఆమె కలలోకి వచ్చినవాడెవరో తేల్చడానికి పటం మీద వరసగా రాజులందరినీ చూపిస్తూ పోతుంటే అనిరుద్ధుడి దగ్గర ఉష సిగ్గుతో తల దించుకుంటుంది చూడండి, ఆ ఘట్టం ఎన్నిసార్లు చదివినా తనివి తీరదు. అన్నట్టు మూడో పాదం ‘గుండె ఊయలలూపు’.

సీతమ్మధార: అదే, అదే! కానీ ‘ఊయలనూపు’ కాదూ? గుండె ఒక్కటే కదా, ఊయలలు అన్ని ఎందుకు?

పెదవాల్తేరు: ‘ల’యే. బాపు బొమ్మ చూసే గుండెలు ఎన్నో కాబట్టి ఊయలలూ అన్ని. పైగా ‘యలలూ’ అన్నప్పుడు నోట్లోనే ఒక ఊగు ఉంది, ‘న’ పెడితే అది ఆగిపోతుంది. మన విశాఖలో పుట్టిన కవి చెవి అది.

ఎంవీపీ కాలనీ: పైకి చదివి చూశాను. నాకు ‘న’తోనే బాగా ఊగుతోంది.