ఆండ్రాయిడ్ నుంచి ఐఫోన్‌కు మారవచ్చా? విశాఖ మిత్రుల సలహా కావాలి

ప్రశ్న (గాజువాక వాసి)

నమస్కారం. విశాఖ పోర్టు పనులు చూసే ఒక క్లియరింగ్ ఏజెంటు కార్యాలయంలో డాక్యుమెంటేషన్ చూస్తున్నాను. నా ఆండ్రాయిడ్ ఫోన్‌కు సెక్యూరిటీ అప్‌డేట్లు ఆగిపోయాయి. బ్యాంకు ఆప్, యూపీఐ, ఆఫీసు మెయిల్ అన్నీ అందులోనే ఉన్నందువల్ల ఇంకా దాన్నే నమ్ముకోవడం మంచిది కాదనిపిస్తోంది. మా తమ్ముడు ఐఫోనే తీసుకోమంటున్నాడు. ఖర్చుకు వెనుకాడటం లేదు గానీ, ఆఫీసు నంబరూ ఇంటి నంబరూ ఒకే ఫోన్‌లో ఉండాలి. పార్టీలు బిల్ ఆఫ్ లేడింగ్ (ఓడ సరుకు రసీదు), ఇన్‌వాయిస్ కాపీలను వాట్సాప్‌లోనే పంపుతారు కాబట్టి పాత సంభాషణలు ఒక్కటి కూడా పోకూడదు. శ్రీకాకుళంలో ఉన్న అమ్మకు రోజూ తెలుగులోనే రాస్తాను కనుక తెలుగు టైపింగ్ కూడా ఇప్పటిలాగే సులువుగా ఉండాలి. రెండూ వాడినవారు దయచేసి చెప్పగలరు.

జవాబు (సీతమ్మధార వాసి)

మీ పనికి వాట్సాపే ప్రాణం కాబట్టి ముందు దాని సంగతి చెబుతాను. ఆండ్రాయిడ్ వాట్సాప్ గూగుల్ డ్రైవ్‌లో దాచే బ్యాకప్‌ను ఐఫోన్ తీసుకోదు. ఆపిల్ వారి ‘మూవ్ టు ఐఓఎస్’ ఆప్‌ను మీ పాత ఫోన్‌లో వేసుకుని, దాని ద్వారా సంభాషణలను పంపాలి. 2022 నుంచి ఈ సదుపాయం ఉంది. అయితే ఐఫోన్ పూర్తిగా కొత్తదై ఉండాలి, లేదా మొత్తం చెరిపేసి మొదటి సెటప్ దశకు తెచ్చినదై ఉండాలి. అందుకే షాపులో కుర్రవాడు పెట్టె విప్పి సెటప్ కూడా చేసి ఇస్తానంటే వద్దని చెప్పి, ఇంటికి తెచ్చుకుని, రెండు ఫోన్లనూ చార్జింగ్‌కు పెట్టి, ఒకే వైఫైలో ఉంచి, అదే నంబరుతో తీరిగ్గా చేసుకోండి. సందేశాలు, ఫొటోలు, పీడీఎఫ్‌లు వస్తాయి. కాల్ హిస్టరీ మాత్రం రాదు.

సిమ్‌ల విషయంలో మీ పద్ధతి కొంత మారుతుంది. మన దేశంలో అమ్మే ఐఫోన్లలో సాధారణంగా ఒక సిమ్ కార్డుకే చోటుంటుంది, రెండో నంబరును ఈ-సిమ్‌గా, అంటే కార్డు లేకుండా ఫోన్‌లోనే నమోదయ్యే సిమ్‌గా మార్చుకోవాలి. ఫోన్ పాడైన రోజున కార్డయితే తీసి మరో ఫోన్‌లో వేసుకోవచ్చు, ఈ-సిమ్‌తో అంత తేలిక కాదు. ఐఫోనే కొంటే ఆఫీసు నంబరును కార్డుగానే ఉంచుకోండి.

జవాబు (డాబాగార్డెన్స్‌లో మొబైల్ రిపేరు చేసేవాణ్ణి)

ఫోన్ ఎన్నాళ్లు నిలుస్తుందన్నది కూడా చూడాలి. 2018లో వచ్చిన ఐఫోన్ ఎక్స్‌ఆర్‌కు 2024 నాటి ఐఫోన్ సాఫ్ట్‌వేర్ ఐఓఎస్ 18 కూడా అందింది. ఆ రోజుల్లో ఆండ్రాయిడ్ కంపెనీలు అంతకాలం ఇచ్చేవి కావు. ఇప్పుడు 2023లో వచ్చిన పిక్సెల్ 8 నుంచి గూగుల్, 2024లో వచ్చిన గెలాక్సీ ఎస్24 నుంచి శాంసంగ్ ఏడేళ్ల అప్‌డేట్లకు మాట ఇస్తున్నాయి కాబట్టి, ఖరీదైన ఫోన్లలో ఆ తేడా దాదాపు పోయింది. చవక మోడళ్లకు అంతకాలం రావు.

మన ఊరికి సంబంధించిన మాట ఇంకొకటి ఉంది. నీటికి తట్టుకుంటుందన్న ధైర్యంతో ఆర్కే బీచ్‌లో ఫోన్ తడిపి మా దగ్గరకు తెచ్చేవారు చాలామంది. నీటికి, దుమ్ముకు తట్టుకోవడాన్ని చెప్పే ఐపీ68 పరీక్ష మంచినీటిలో చేసేది, ఉప్పునీటికి అది హామీ కాదు. ఐఫోన్‌కు నీటివల్ల కలిగిన నష్టం మామూలు వారంటీలోకి రాదు. చార్జింగ్ రంధ్రంలో ఉప్పు చేరితే పిన్నులు పచ్చబడి అరిగిపోతాయి. ఏ రకం ఫోన్ అయినా ఇది తప్పదు, అందుకే మీరు పోర్టు గాలిలో తిరిగేవారైతే రంధ్రానికి మూత ఉండే కవరు తీసుకోండి.

జవాబు (ఉక్కునగరం వాసి)

తెలుగు గురించి భయపడనక్కరలేదు. 2018 ఫిబ్రవరిలో తెలుగు సంయుక్తాక్షరం ఒకటి సందేశంలో వస్తే ఐఫోన్‌లో ఆప్‌లు ఆగిపోయిన మాట నిజమే గానీ, ఆపిల్ అదే నెలలో ఐఓఎస్ 11.2.6 అప్‌డేట్‌తో సరిచేసింది. ఐఫోన్‌లో తెలుగు కీబోర్డు ఉంది. అయినా మీ వేళ్లకు ఏది అలవాటో మీకే తెలుసు కనుక, కొనేముందు షాపులో ఉంచిన ఫోన్ మీద అమ్మగారికి రాసే ఉత్తరంలాంటిది నాలుగు వాక్యాలు రాసి చూడండి.

నా అభిప్రాయం మాత్రం ఆండ్రాయిడ్‌లోనే ఉండమని. రెండు సిమ్ కార్డులతో, వందలకొద్దీ పీడీఎఫ్‌లను ఫోల్డర్లలో సర్దుకోవడంతో నడిచే పని మీది. అది ఇప్పటికే మీ చేతికి అలవాటైంది. తమ్ముడికి నచ్చిందన్నది కారణం కాకూడదు. ఏ ఫోన్‌కు మారినా యూపీఐ మళ్లీ నమోదు చేసుకోవాలి. బ్యాంకుకు ఇచ్చిన నంబరు సిమ్ ఆ ఫోన్‌లో ఉండి, దాని నుంచే ఎస్ఎంఎస్ వెళ్లాలి. కొత్త ఫోన్‌లో మొదట్లో పంపగలిగే మొత్తానికి పరిమితి ఉంటుంది, కాబట్టి పెద్ద చెల్లింపులున్న వారంలో మార్చకండి.

ప్రశ్న వేసినవారు

అందరికీ ధన్యవాదాలు. ఈ-సిమ్ గురించి చదివాక ఆండ్రాయిడ్‌లోనే ఉండాలని నిర్ణయించుకున్నాను. ఎస్24 ఇప్పుడు కాస్త తక్కువ ధరకు దొరుకుతోంది, అది తీసుకుంటే ఏడేళ్లూ వస్తాయి కదా?

జవాబు (డాబాగార్డెన్స్‌లో మొబైల్ రిపేరు చేసేవాణ్ణి)

రావు. ఆ లెక్క మీరు కొన్న తేదీ నుంచి కాదు, ఫోన్ మార్కెట్లోకి వచ్చిన 2024 జనవరి నుంచి. అంటే 2031 దాకానే. తగ్గింపు ధరను ఆ మిగిలిన ఏళ్లతో పోల్చి చూసుకుని, ఆ తరువాత వచ్చిన మోడల్ ధర కూడా అడిగి తీసుకోండి.