యాక్సెస్ ఫైల్‌ని వెబ్‌సైట్‌కి కలిపితే ఎర్రర్, హెల్ప్ ప్లీజ్

ప్రశ్న: నాన్నగారి ఎరువుల షాపు లెక్కలన్నీ మైక్రోసాఫ్ట్ యాక్సెస్ (ఆఫీస్‌లో వచ్చే డేటాబేస్ ప్రోగ్రామ్) ఫైల్లో ఉన్నాయి, దానికి ఏఎస్పీ డాట్ నెట్‌లో (మైక్రోసాఫ్ట్ వెబ్ ప్రోగ్రామింగ్ టూల్) చిన్న వెబ్ పేజీ రాశా, నా ల్యాప్‌టాప్‌లో బ్రహ్మాండంగా వస్తోంది కానీ షాపు కంప్యూటర్లో ఐఐఎస్ (విండోస్ వెబ్ సర్వర్) మీద పెడితే ఏస్ ఓలెడీబీ 12.0 ప్రొవైడర్ (యాక్సెస్ ఫైల్‌ని చదివే డ్రైవర్) రిజిస్టర్ కాలేదు అంటోంది. ఆఫీస్ ఉంది కదా అందులో? రెండ్రోజుల్నుంచి దీనిమీదే కూర్చున్నా.

రిప్లై: ఆ ఆఫీస్ 32 బిట్టా 64 బిట్టా చూడండి ముందు. ఐఐఎస్ అప్లికేషన్ పూల్ (మీ సైట్‌ని నడిపే ప్రాసెస్) మామూలుగా 64 బిట్‌లో నడుస్తుంది, 32 బిట్ ప్రొవైడర్ దానికి కనపడదు. పూల్ అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌లో "ఎనేబుల్ 32 బిట్ అప్లికేషన్స్" ట్రూ పెట్టి రీసైకిల్ (పూల్‌ని రీస్టార్ట్) కొట్టండి.

ప్రశ్న అడిగినవారు: 32 బిట్టే అండీ! ఇప్పుడు లిస్ట్ వచ్చేసింది, చాలా థ్యాంక్స్. కానీ కొత్త బిల్లు సేవ్ కొడితే "అప్‌డేటబుల్ క్వెరీ వాడాలి" అంటోంది, క్వెరీ (డేటాబేస్‌కి ఇచ్చే ఆదేశం) కరెక్టుగానే ఉంది మరి.

ఇంకో రిప్లై: క్వెరీ తప్పు కాదు బ్రో, పర్మిషన్. ఒక్క ఫైల్‌కే ఇస్తే చాలదు, ఫైల్ తెరవగానే పక్కనే లాక్ ఫైల్ (ఎవరు వాడుతున్నారో గుర్తుపెట్టే చిన్న ఫైల్) ఒకటి పుడుతుంది కాబట్టి ఫోల్డర్ మొత్తానికి ఆ పూల్ ఐడెంటిటీ (పూల్ నడిచే విండోస్ అకౌంట్) పేరు మీద మాడిఫై పర్మిషన్ ఇవ్వాలి. ఫైల్‌ని నీ సైట్‌లోని యాప్ డేటా (App_Data) ఫోల్డర్లోనే ఉంచు, అక్కడుంటే బ్రౌజర్ నుంచి ఎవరూ డౌన్‌లోడ్ చేయలేరు, నాన్నగారి అప్పుల లెక్కలు కదా. యాక్సెస్ ఫైల్ 2 జీబీ దాటదు, ఈలోపే ఎస్‌క్యూఎల్ సర్వర్ ఎక్స్‌ప్రెస్‌కి (మైక్రోసాఫ్ట్‌దే ఇంకో డేటాబేస్) మారిపో, ఫ్రీయే.