తెలుగు మీడియం తమ్ముడికి, పాత ల్యాప్‌టాప్‌కి సరిపోయే కథల గేములు చెప్పగలరా?

కడప నుంచి, ప్రశ్న:

అందరికీ నమస్కారం. పోయిన నెల మా తమ్ముడు బండి మీద నుంచి పడ్డాడు, కాలు విరిగింది. పిండికట్టు వేశారు, ఇంకా ఆరు వారాలు మంచం దిగకూడదన్నారు. ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్నాడు. పగలంతా పడుకుని, రాత్రి రెండింటి దాకా ఫోన్‌లో తుపాకుల గేము ఆడుతూ అరుస్తుంటాడు. పక్క గదిలో నాన్నకు నిద్ర లేదు. ఆడొద్దని చెప్పడానికి నాకు మనసు రావడం లేదు. కాలు కదపలేని పిల్లాడు ఇంకేం చేస్తాడు?

నెమ్మదిగా ఆలోచించి ఆడేవి, మంచి కథ ఉన్నవి కూడా ఉంటాయని విన్నాను. నా ఇబ్బందులు చెప్తాను. ల్యాప్‌టాప్ నా పాతది, 4 జీబీ ర్యామ్, గ్రాఫిక్స్ కార్డు లేదు. నెట్ అంటే నా ఫోన్ హాట్‌స్పాటే, రోజుకు 2 జీబీ. పదో తరగతి దాకా వాడు తెలుగు మీడియం, పేజీలకు పేజీలు ఇంగ్లీష్ చదివించే గేమైతే పది నిమిషాల్లో మూసేస్తాడు. 500 లోపు అయితే ఇప్పుడే కొనగలను.

కర్నూలు నుంచి:

అక్కా, ల్యాప్‌టాప్ గురించి, నెట్ గురించి దిగులు పడకండి. అసలు చూడాల్సింది మీరు చివర చెప్పిన మాట. కథ ఉన్న గేమ్ అని అడిగితే ఎక్కువమంది డైలాగులు నిండిన పెద్ద పేర్లే చెప్తారు. అవి గొప్పవే, కానీ మీ తమ్ముడికి ఇప్పుడు వద్దు. నేనూ తెలుగు మీడియమే. అలాంటి గేమ్ ఒకటి కొని, ఎవరు ఎవరితో ఏమంటున్నారో తెలియక వదిలేసి, తప్పు నాదేననుకున్నాను. మాటలు లేకుండా బొమ్మలతోనే కథ చెప్పే గేములు ఉన్నాయని చాలా ఆలస్యంగా తెలిసింది.

ముందు మెషినేరియం పెట్టండి. చెక్ దేశానికి చెందిన అమానితా డిజైన్ వాళ్లు 2009లో తెచ్చారు. తుక్కుకుప్పలో ముక్కలై పడిన చిన్న రోబో తనను తానే అతికించుకుని, తన నగరంలోకి తిరిగి వెళ్లాలి. ఎవరూ మాట్లాడరు. ఏదైనా చెప్పాలంటే తల మీద బుడగ లేస్తుంది, అందులో బొమ్మలు కదులుతాయి. ఆ రోబోకు గతంలో ఏం జరిగిందో, ఎవరు ఏడిపించారో అంతా ఆ బుడగల్లోనే తెలుస్తుంది. రోబో ఒళ్లు సాగదీసి పొడుగవుతాడు, కుదించుకుని పొట్టివాడవుతాడు, దాన్ని బట్టి ఏ వస్తువు చేతికి అందుతుందో మారిపోతుంది. చేత్తో గీసిన బొమ్మలు, తుప్పు పట్టిన గొట్టాలు, వీధి మూల సంగీతం వాయించే రోబోలు. పజిల్ దగ్గర ఇరుక్కుంటే ప్రతి చోటా ఒక చిన్న సూచన దొరుకుతుంది. పూర్తి జవాబు కావాలంటే ఇంకో పుస్తకం ఉంది, కానీ దాన్ని తెరవాలంటే ముందు ఒక చిన్న ఆట గెలవాలి. ఆ పుస్తకం తెరవొద్దని వాడికి చెప్పండి. ఒకే గదిలో రెండు రోజులు ఇరుక్కుని, స్నానం చేస్తున్నప్పుడు జవాబు తట్టిన ఆనందం నాకు ఇప్పటికీ గుర్తుంది.

తర్వాత లింబో. డెన్మార్క్‌లోని ప్లేడెడ్ వాళ్లది, 2010. అంతా నలుపు తెలుపు నీడలే. తోబుట్టువును వెతుక్కుంటూ ఒక పిల్లాడు చీకటి అడవిలోకి వస్తాడు. ఆ అమ్మాయి అక్కో చెల్లెలో గేమ్ చెప్పదు, నేను మాత్రం అక్కే అనుకుని ఆడాను. ఒక హెచ్చరిక: పెద్ద సాలీడు ఉంటుంది, పిల్లాడు చనిపోయే తీరు ఘోరంగా ఉంటుంది. చిన్నపిల్లల ముందు వద్దు.

గొరొగోవా కూడా రాసుకోండి, 2017లో వచ్చింది. నాలుగు గడుల్లో నాలుగు బొమ్మలు ఉంటాయి, ఒకదాని పక్కన ఒకటి పెడితే దారి కలుస్తుంది. ఇందులోనూ మాటల్లేవు. రెండు మూడు గంటల్లో అయిపోతుంది.

అనంతపురం నుంచి:

నేను స్టార్‌డ్యూ వ్యాలీ చెప్తాను. ఎరిక్ బరోన్ అనే ఒక్కడే నాలుగేళ్లకు పైగా కష్టపడి, బొమ్మలు, సంగీతం, కోడ్ అన్నీ తానే చేసి 2016లో విడుదల చేశాడు. తాత వదిలిపోయిన పొలాన్ని మళ్లీ సాగులోకి తేవడమే ఆట. మాది శెనక్కాయ పండించే ఇల్లు. ఈ గేమ్‌లో టీవీ పెడితే రేపు వాన పడుతుందో లేదో చెప్తుంది, వాన పడితే ఆ రోజు నీళ్లు పట్టే పని ఉండదు. అది చూసి మా నాన్న కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. సీజన్‌కు 28 రోజులు, సీజన్ మారితే పైరు ఎండిపోతుంది. ఏ విత్తనం ఎప్పుడు వేయాలో ఆయనే లెక్క చెప్పేవాడు.

ఇంగ్లీష్ ఉంటుంది, కానీ చిన్న చిన్న మాటలు, వస్తువులకు బొమ్మలు ఉంటాయి. ఒక జాగ్రత్త. ఆటలో పడుకుంటేనే సేవ్ అవుతుంది. ఒక రోజు మన లెక్కలో సుమారు 14 నిమిషాలు. బ్యాటరీ పాడైన ల్యాప్‌టాప్ అయితే మధ్యలో కరెంటు పోతే ఆ రోజు పని అంతా పోయినట్టే.

కడప నుంచి:

ల్యాప్‌టాప్ బ్యాటరీ 40 నిమిషాలు వస్తుంది, ఫరవాలేదు. ఎక్కడ కొనాలి? ఇక్కడ ఒక కొట్లో పెన్‌డ్రైవ్‌లో గేములు ఎక్కించి ఇస్తామన్నారు.

కర్నూలు నుంచి:

వద్దక్కా. నేను ఒకసారి అలాగే వేయించుకుంటే వైరస్ వచ్చి, మా చెల్లి పెళ్లి ఫొటోలు పోయాయి. పైగా ఇవి పెద్ద కంపెనీలవి కావు, ఒక్కరో చిన్న బృందమో ఏళ్ల తరబడి కూర్చుని చేసినవి. స్టీమ్ అని కంప్యూటర్ గేములు అమ్మే ఆన్‌లైన్ కొట్టు ఉంది, అందులో కొనండి, యూపీఐతో కట్టొచ్చు. కొన్న 14 రోజుల్లోపు, రెండు గంటల కంటే తక్కువ ఆడి ఉంటే డబ్బు వెనక్కి అడగొచ్చు. మీ ల్యాప్‌టాప్‌లో ఆడకపోతే అదే దారి. కావాల్సిన ర్యామ్, సైజు గేమ్ పేజీ కింద రాసి ఉంటాయి. డౌన్‌లోడ్‌ను ఆపి మర్నాడు అక్కడి నుంచే కొనసాగించొచ్చు, కాబట్టి 2 జీబీ డేటా సరిపోతుంది. లింబో అయితే 150 ఎంబీ చాలు. తొందర లేకపోతే ఎండాకాలం, చలికాలం సేల్స్ దాకా ఆగండి, ధర బాగా తగ్గుతుంది.

కడప నుంచి, పది రోజుల తర్వాత:

మెషినేరియం కొన్నాను. మొదటి రోజు వాడు ముఖం అటు తిప్పుకున్నాడు. రెండో రోజు మధ్యాహ్నం చూస్తే తిండి కూడా మరిచి ఆడుతున్నాడు. అందులో బార్‌లో ఒక రోబోతో అయిదు వరుసగా పేర్చే ఆట ఉంటుంది, అక్కడ వాడు ఓడిపోతూనే ఉన్నాడు. నాన్న చిన్నప్పుడు ఊర్లో పులిజూదం బాగా ఆడేవారట. మంచం పక్కన కూర్చుని, ఇక్కడ పెట్టు, అక్కడ అడ్డం వెయ్యి అని చెప్పి గెలిపించారు. ఈ నెలలో వాళ్లిద్దరూ పోట్లాడుకోకుండా గంటసేపు మాట్లాడుకోవడం ఇదే మొదటిసారి.

ఇప్పుడు అమ్మ కూడా చూడగలిగేది ఏదైనా ఉందా?

కర్నూలు నుంచి:

వెన్బా. 2023లో టొరంటో వాళ్లు తెచ్చారు. కెనడాకు వెళ్లిన తమిళ కుటుంబం కథ. చిరిగిన, మరకలు పడిన అమ్మ వంటల పుస్తకం చూస్తూ వంట చేయాలి, పజిల్స్ అన్నీ వంటలోవే. ఇడ్లీ రేకులు ఎలా పేర్చాలో మీ అమ్మగారిని అడగండి, మీరు చెప్పేలోపే ఆవిడ చెప్పేస్తారు. డైలాగులు ఇంగ్లీష్‌లో ఉంటాయి, అవి మీరు పక్కన కూర్చుని తెలుగులో చెప్పాలి. కొడుకు ఇంటి భాష మరిచిపోతూ వచ్చే చోట గొంతు పట్టేస్తుంది, నెమ్మదిగా చదవండి.

కడప నుంచి:

సరే తమ్ముడూ. ఆదివారం మధ్యాహ్నం ముగ్గురినీ కూర్చోబెట్టి నేనే చదువుతాను.